గంట ఒక్కసారే మోగాలంటే: యాంగ్యులర్ టేక్‌అన్‌టిల్‌డిస్ట్రాయ్డ్ వాడకంపై సమీక్ష

వెబ్ అప్లికేషన్లు కట్టడానికి వాడే యాంగ్యులర్ అనే ఫ్రేమ్‌వర్క్ 16వ వెర్షన్‌తో పాటు 2023 మేలో టేక్‌అన్‌టిల్‌డిస్ట్రాయ్డ్ అనే చిన్న ఆపరేటర్ ఒకటి వచ్చింది. తెర మీద నుంచి కాంపొనెంట్ (తెరలోని ఒక భాగం, దాని కోడ్) తొలగిపోయేటప్పుడు అది కబుర్లు వినడానికి పెట్టుకున్న సబ్‌స్క్రిప్షన్‌ను కూడా మూసేయడం దీని పని. అప్పట్లో దీన్ని డెవలపర్ ప్రివ్యూ, అంటే ఇంకా మారవచ్చు, అన్న హెచ్చరికతోనే విడుదల చేశారు. బెంగళూరులో మహదేవపుర దగ్గరున్న మా ఆఫీసులో ఒక ప్రాజెక్టు మొత్తాన్ని దీని మీదికి మార్చి ఏడాదికి పైగా నడిపాము. ఆ అనుభవంతోనే ఈ సమీక్ష రాస్తున్నాను. ఇది డబ్బు పెట్టి కొనే వస్తువు కాదు కనుక ధర గురించి చెప్పేదేమీ లేదు. తప్పుగా వాడితే పడే ఖర్చు గురించి మాత్రం చెప్పవలసింది చాలా ఉంది.

మాకు దీని అవసరం ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. మా కస్టమర్‌కు హోస్కోటె వైపు ఒక లారీల డిస్పాచ్ గది ఉంది. కోలారు, ముళబాగిలు మీదుగా చిత్తూరు వైపు వెళ్లే బండ్లన్నిటినీ అక్కడ ఒక పెద్ద తెర మీద మ్యాప్‌లో చూస్తూ ఉంటారు. బండి దారి తప్పినా, ఒకే చోట చాలాసేపు ఆగిపోయినా గంట మోగుతుంది. పొద్దున ఆరింటికి ఆ పేజీని తెరిచారంటే షిఫ్టు ముగిసేదాకా ఎవరూ మూయరు, రీఫ్రెష్ చేయరు. మామూలు వెబ్‌సైట్లలో జనం కాసేపు చూసి వెళ్లిపోతారు కాబట్టి చిన్నాచితకా లీకులు, అంటే పని అయిపోయినా మెమరీలో మిగిలిపోయేవి, ఎవరి కంటా పడవు. రోజంతా తెరిచి ఉండే ఇలాంటి తెరల దగ్గరే మన కోడ్ బండారం బయటపడుతుంది.

పలమనేరు నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన షిఫ్టు సూపర్‌వైజరు ఒకాయన ఫోన్ చేసి చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "పొద్దున ఒక్కసారే మోగతాది సార్. మధ్యాహ్నం అన్నాలు తినే వేళకి గుళ్లో హారతి గంట మాదిరి ఆపకుండా కొడతా ఉంది. ఏ బండికి ఏమైందో చూసుకునేదా, చెవులు మూసుకునేదా?" అసలు సమస్య మొత్తం ఆయన మాటల్లోనే ఉంది, మేమే వెంటనే అందుకోలేకపోయాము. సర్వర్ ఒకే అలర్టును పదే పదే పంపుతోందేమోనని రెండు రోజులు లాగ్‌లు వెతికాము. సర్వర్ ప్రతి అలర్టునూ ఒక్కసారే పంపింది. మూడో రోజు మా జట్టులోని ప్రొద్దుటూరు అబ్బాయి హోస్కోటె వెళ్లి, ఆ గదిలో ఒక పూట కూర్చుని, కాగితం మీద గీతలు పెట్టుకుంటూ లెక్కేశాడు. మ్యాప్‌లో బండి మీద నొక్కితే కుడిపక్కన వివరాల ప్యానెల్ ఒకటి తెరుచుకుంటుంది. ఆ ప్యానెల్‌ను ఆరుసార్లు తెరిచి మూసి, ఏడోసారి తెరిచి ఉంచితే, తర్వాత వచ్చిన అలర్టుకు గంట ఏడుసార్లు మోగింది.

సబ్‌స్క్రిప్షన్ అంటే చందాయే. బెంగళూరులో అద్దె ఇల్లు ఖాళీ చేసేవాడు పాలవాడికి చెప్పడం మరిచిపోతే, తాళం వేసిన తలుపు ముందు ప్యాకెట్లు పడుతూనే ఉంటాయి. దానికి తోడు, పాలవాడి పుస్తకంలో పేరు కొట్టేసేదాకా ఆ ఇంటిని మరొకరికి అద్దెకివ్వకూడదన్న నియమం కూడా ఉందనుకోండి. జావాస్క్రిప్ట్‌లో సరిగ్గా ఇదే జరుగుతుంది. అలర్టులు పంచే సర్వీసు అప్లికేషన్ నడిచినంతసేపూ ఉంటుంది. దాని దగ్గర వినేవాళ్ల జాబితా ఒకటి ఉంటుంది. ఆ జాబితాలోని ప్రతి హ్యాండ్లర్ ఫంక్షనూ తన కాంపొనెంట్‌ను పట్టుకుని ఉంటుంది. ఆ కాంపొనెంట్ తన డేటానూ, తెర నుంచి ఊడిపోయిన డామ్ (పేజీ నిర్మాణం) ముక్కలనూ పట్టుకుని ఉంటుంది. కాబట్టి ఎవరూ వాడని మెమరీని ఊడ్చేసే గార్బేజ్ కలెక్టర్ వాటిలో దేన్నీ తీసేయజాలదు. ఈ జబ్బుకు ప్రోగ్రామింగ్ లోకంలో ల్యాప్స్‌డ్ లిజనర్ అని పాత పేరే ఉంది. డాట్‌నెట్‌లో డెస్క్‌టాప్ తెరలు రాసినవాళ్లకు కూడా ఇది పరిచయమే. డబ్ల్యూపీఎఫ్‌లో వీక్ ఈవెంట్ మేనేజర్ పుట్టింది దీని కోసమే.

రుజువు కోసం క్రోమ్ డెవ్‌టూల్స్‌లోని మెమరీ ట్యాబ్‌ను ఆశ్రయించాము. పేజీ తెరిచి ఒక హీప్ స్నాప్‌షాట్ (ఆ క్షణాన మెమరీలో ఉన్న వస్తువుల జాబితా) తీసుకుని, ప్యానెల్‌ను పదకొండుసార్లు తెరిచి మూసి, గార్బేజ్ కలెక్షన్ బటన్ నొక్కి, రెండో స్నాప్‌షాట్ తీశాము. పదకొండే ఎందుకంటే, వేల వస్తువుల జాబితాలో 11 గానీ 22 గానీ కనబడితే అవి మనవేనని ఇట్టే తెలిసిపోతుంది. పైనున్న ఫిల్టర్‌లో ప్యానెల్ క్లాసు పేరు కొడితే పదకొండు వస్తువులు నిలబడ్డాయి. అక్కడ ఒక్కటీ ఉండకూడదు. ఒకదాన్ని ఎంచుకుని కింద రిటెయినర్స్ (దాన్ని ఎవరు పట్టుకుని ఉన్నారో చూపే) భాగం విప్పితే, హ్యాండ్లర్ ఫంక్షన్, దాని వెనక సబ్‌స్క్రైబర్, దాని వెనక అబ్జర్వర్స్ అనే జాబితా, దాని వెనక సబ్జెక్ట్ (వినేవాళ్లందరికీ కబురు పంచే వస్తువు), చివరికి మా అలర్ట్ సర్వీసు, ఇలా గొలుసు మొత్తం వరసగా కనిపించింది. ఇదే పని చేయబోయేవారికి ఒక సూచన: ప్రొడక్షన్ బిల్డ్‌లో క్లాసుల పేర్లు ఒకటి రెండు అక్షరాలకు కుదించుకుపోతాయి, కాబట్టి డెవలప్‌మెంట్ బిల్డ్ మీదనే వెతకండి. మేము మొదటి పూట అంతా ప్రొడక్షన్ సైటులోనే వెతికి వృథా చేసుకున్నాము.

తప్పు చేసింది మేమే. అప్పటిదాకా మా ప్రాజెక్టులో అన్ని కాంపొనెంట్లకూ ఒక మూల క్లాసు ఉండేది. అందులో డిస్ట్రాయ్ అనే సబ్జెక్ట్ ఒకటి, కాంపొనెంట్ పోయేటప్పుడు నడిచే ఎన్‌జీఆన్‌డిస్ట్రాయ్‌లో దాన్ని మోగించే రెండు లైన్లు ఉండేవి; ప్రతి సబ్‌స్క్రిప్షన్‌కూ ముందు, కబురు రాగానే వినడం ఆపేసే టేక్‌అన్‌టిల్ పెట్టి దానికి ఆ సబ్జెక్ట్‌ను ఇచ్చేవాళ్లం. చూడ్డానికి ముచ్చటైన ఏర్పాటే. అయితే ప్యానెల్‌లో ఒక టైమర్‌ను ఆపడానికి ఎవరో సొంతంగా ఎన్‌జీఆన్‌డిస్ట్రాయ్ రాశారు, సూపర్ (మూల క్లాసులోని అదే ఫంక్షన్‌ను) పిలవడం మరిచిపోయారు. దాంతో మూల క్లాసులోని లైన్లు ఆ రోజు నుంచి నడవలేదు. కంపైలర్ ఏమీ అనలేదు, టెస్టులూ ఏమీ అనలేదు. టైప్‌స్క్రిప్ట్ 4.3లో వచ్చిన నోఇంప్లిసిట్‌ఓవర్‌రైడ్ సెట్టింగ్ పెట్టుకుని ఉంటే ఓవర్‌రైడ్ అన్న మాట రాయమని బలవంతపెట్టేది, అది చూసి ఎవరైనా ఒక్క క్షణం ఆగి ఆలోచించేవారేమో. సూపర్ పిలవమని మాత్రం అది కూడా అడగదు. మరిచిపోయినా ఏమీ విరగని చోట మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడే ఏర్పాటు ఎక్కువ రోజులు నిలవదు.

టేక్‌అన్‌టిల్‌డిస్ట్రాయ్డ్‌లో నాకు మొదట నచ్చింది ఇక్కడే. మూల క్లాసు అక్కర్లేదు, సబ్జెక్ట్ అక్కర్లేదు, ఎన్‌జీఆన్‌డిస్ట్రాయ్ అక్కర్లేదు. ఆపరేటర్లను వరసగా పేర్చే పైప్ చివర ఒక్క మాట రాస్తే చాలు. లోపల అది చేసే పని కూడా దాపరికం లేనిది. ఆ కాంపొనెంట్‌కు చెందిన డిస్ట్రాయ్‌రెఫ్ అనే వస్తువును తెచ్చుకుంటుంది, దాని ఆన్‌డిస్ట్రాయ్ దగ్గర ఒక కబురు పెట్టుకుంటుంది, ఆ కబురు రాగానే మామూలు టేక్‌అన్‌టిల్ లాగే ప్రవాహాన్ని (వచ్చే కబుర్ల వరసను) ముగిస్తుంది. ప్రవాహం తనంతట తాను ముందే ముగిసిపోతే పెట్టుకున్న కబురును కూడా రద్దు చేసుకుంటుంది, కాబట్టి లోపల చెత్త పేరుకోదు. మా ప్రాజెక్టులో మూల క్లాసును తీసేసిన కమిట్‌లో చేర్చిన లైన్ల కంటే తొలగించిన లైన్లే ఎక్కువ, అలాంటి కమిట్లు నా ఉద్యోగంలో నేను చూసినవి తక్కువ.

వాడకం మొదలైన గంటలోనే మొదటి చిక్కు వచ్చింది. "అన్నా, పైన కన్‌స్ట్రక్టర్‌లో పెడితే బాగుంది, అదే లైను కింద ఎన్‌జీఆన్‌ఇనిట్‌లో పెడితే కన్సోల్ అంతా ఎర్రగా వస్తాండాది" అన్నాడు ప్రొద్దుటూరు అబ్బాయి. ఆ ఎర్ర అక్షరాల్లో ఉన్నది ఎన్‌జీ0203 అనే ఎర్రర్. బ్రాకెట్లలో ఏమీ ఇవ్వకుండా ఈ ఆపరేటర్‌ను పిలిస్తే అది డిస్ట్రాయ్‌రెఫ్‌ను ఇంజెక్షన్ కాంటెక్స్ట్ (అడిగిన వస్తువును యాంగ్యులర్ అందించగల సందర్భం) నుంచి తనే తెచ్చుకోవాలి; కాంపొనెంట్ విషయంలో ఆ కాంటెక్స్ట్ కన్‌స్ట్రక్టర్‌లోనూ, క్లాసు ఫీల్డులకు తొలి విలువలు ఇచ్చే చోటా మాత్రమే ఉంటుంది. కాంపొనెంట్ తయారయ్యాక ఎన్‌జీఆన్‌ఇనిట్ నడిచే సమయానికి అది ముగిసిపోతుంది. పరిష్కారం సులువే: డిస్ట్రాయ్‌రెఫ్‌ను ఒక ఫీల్డులో ఇంజెక్ట్ చేసి ఉంచుకుని, ఎక్కడ అవసరమైతే అక్కడ ఆపరేటర్ చేతికి ఇవ్వాలి. దీన్ని నేను లోపంగా లెక్కపెట్టను. తప్పు చేసిన వెంటనే గట్టిగా అరిచే పనిముట్టు మంచిదే; నన్ను రెండు రోజులు లాగ్‌ల్లో తిప్పిన జబ్బు అరవకుండా కూర్చున్న రకం.

అరవకుండా కూర్చునే రకాలు దీనిలో కూడా ఉన్నాయి, వాటి దగ్గరే కాస్త ఎక్కువసేపు ఆగాలి.

మొదటిది వరుస. ఈ ఆపరేటర్ పైప్‌లో చివరన ఉండాలి. మా కోడ్‌లో ఒక చోట బండి ఎంపిక మారినప్పుడల్లా, పాత ప్రవాహాన్ని వదిలి కొత్తది తెరిచే స్విచ్‌మ్యాప్ ద్వారా ఆ బండి స్థానాల ప్రవాహంలోకి వెళ్తాము. టేక్‌అన్‌టిల్‌డిస్ట్రాయ్డ్‌ను స్విచ్‌మ్యాప్‌కు ముందు పెట్టారు. ప్యానెల్ మూసినప్పుడు ఎంపికల ప్రవాహం బుద్ధిగా ముగిసింది. కానీ స్విచ్‌మ్యాప్ అప్పటికే లోపల తెరిచిన స్థానాల ప్రవాహం మాత్రం సాగుతూనే ఉంది, ఎందుకంటే లోపలి ప్రవాహం ముగిసేదాకా స్విచ్‌మ్యాప్ కూడా ముగియదు. కోడ్ రివ్యూలో అందరి కళ్లూ ఆ ఆపరేటర్ పేరు ఉందా లేదా అని చూశాయి, అది ఏ చోట ఉందో చూడలేదు. లాస్ట్, టుఅర్రే లాంటివి ప్రవాహం ముగిశాకే విలువనిస్తాయి కాబట్టి అవి దీని తర్వాత రావచ్చు; మిగతావాటి విషయంలో చివరి స్థానం దీనిదేనని లింట్ (కోడ్‌ను తనిఖీ చేసే పనిముట్టు) నియమం పెట్టుకోవడం మేలు.

రెండోది కంప్లీట్ హ్యాండ్లర్, అంటే ప్రవాహం పూర్తయినప్పుడు నడిచే ఫంక్షన్. అన్‌సబ్‌స్క్రైబ్ పిలవడానికీ, టేక్‌అన్‌టిల్ ద్వారా ఆపడానికీ తేడా ఉందన్న సంగతి ఈ ప్రవాహాలను ఇచ్చే లైబ్రరీ ఆర్ఎక్స్‌జేఎస్‌ను ఏళ్ల తరబడి వాడినవాళ్లలో కూడా చాలామంది పట్టించుకోరు. అన్‌సబ్‌స్క్రైబ్ చేస్తే అంతా నిశ్శబ్దంగా ఆగిపోతుంది, కంప్లీట్ పిలవబడదు. టేక్‌అన్‌టిల్ మాత్రం ప్రవాహం పూర్తయినట్టే కిందికి కబురు పంపుతుంది, కాబట్టి కంప్లీట్ హ్యాండ్లర్ నడుస్తుంది. మా దగ్గర లోడ్ ప్లాన్ ఫైలు అప్‌లోడ్ చేసే తెర ఒకటి ఉంది. అప్‌లోడ్ ముగిశాక 'ఫైలు చేరింది' అన్న పచ్చటి సందేశాన్ని కంప్లీట్‌లో చూపించాము. అప్‌లోడ్ సగంలో ఉండగా ఎవరైనా వేరే తెరకు వెళ్లిపోతే, కాంపొనెంట్ పోయేటప్పుడు అప్‌లోడ్ రద్దయ్యేది, ఆ వెంటనే 'ఫైలు చేరింది' అని సందేశం వచ్చేది. చేరనిదాన్ని చేరిందని చెప్పే తెర కంటే ఏమీ చెప్పని తెర నయం. ఆ సందేశాన్ని సర్వర్ జవాబు నిజంగా వచ్చిన చోటుకు, అంటే నెక్స్ట్ హ్యాండ్లర్‌లోకి మార్చాము.

మూడోది దీనికి దగ్గరి చుట్టమే. భద్రపరిచే పనులను, అంటే సర్వర్‌కు రాసే అభ్యర్థనలను, ఈ ఆపరేటర్‌తో కట్టేయకూడదు. యాంగ్యులర్ హెచ్‌టీటీపీ క్లయింట్ అభ్యర్థన జవాబు రాగానే దానంతట అదే ముగిసిపోతుంది కనుక దాని వల్ల శాశ్వతమైన లీకు రాదు. దానికి కూడా టేక్‌అన్‌టిల్‌డిస్ట్రాయ్డ్ తగిలిస్తే, సేవ్ నొక్కి వెంటనే పక్క తెరకు వెళ్లినవాడి అభ్యర్థన మధ్యలో తెగిపోతుంది. అది సర్వర్‌కు చేరాక తెగిందో, చేరకముందే తెగిందో బ్రౌజర్ వైపు నుంచి చెప్పలేము. చదివే అభ్యర్థనల విషయం వేరు. తెర పోయాక వాటి జవాబు ఎవరికీ అక్కర్లేదు, తెంచేయడమే మంచిది. జట్టులో 'ఎక్కడ సబ్‌స్క్రైబ్ కనబడినా ఇది తగిలించు' అనే అలవాటు పడితే, మా దగ్గర పడినట్టే, ఈ తేడా చెరిగిపోతుంది.

ఏడాది వాడాక నాకు కుదిరిన అభిప్రాయం ఈ మూడో చిక్కు నుంచే పుట్టింది. చందా ఎప్పుడు ఆపాలన్న ప్రశ్నకు ఈ ఆపరేటర్ చక్కటి జవాబిస్తుంది. ఆ చందా ఎవరి ఆయుష్షుతో ముడిపడాలన్న ప్రశ్న దానిది కాదు, అది రాసేవాడిదే. అప్లికేషన్ మొత్తానికి ఒకటే ఉండే రూట్ సర్వీసులో దీన్ని రాస్తే అక్కడి డిస్ట్రాయ్‌రెఫ్ అప్లికేషన్‌తో పాటే పోతుంది, అంటే మా డిస్పాచ్ తెర విషయంలో షిఫ్టు ముగిసి బ్రౌజర్ మూసేదాకా పోదు. ఒక సర్వీసులోని మెథడ్ ప్రతి బండికీ ఒక కొత్త సబ్‌స్క్రిప్షన్ తెరిచేది. చివర టేక్‌అన్‌టిల్‌డిస్ట్రాయ్డ్ ఉంది కాబట్టి సురక్షితమేనని రివ్యూ చేసింది నేనే. ఆ పేరు కనబడితే చాలు, కళ్లు ముందుకు సాగిపోతాయి. అదే విధంగా రౌట్ రీయూజ్ స్ట్రాటజీ పెట్టుకుని తెరలను దాచి మళ్లీ చూపించే అప్లికేషన్లలో కాంపొనెంట్ కనుమరుగవుతుందే తప్ప నాశనం కాదు. డిస్ట్రాయ్ జరగనప్పుడు ఈ ఆపరేటర్‌కు కబురే అందదు, దాచిన తెర అలర్టులు వింటూ గంట కొడుతూనే ఉంటుంది.

షేర్‌రిప్లే సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. స్థానాల ప్రవాహాన్ని నలుగురు వినేవాళ్లకు పంచడానికి సర్వీసులో షేర్‌రిప్లేకు ఒకటి అన్న అంకె మాత్రం ఇచ్చి వదిలేశాము. ప్యానెల్ మూసినప్పుడు ప్యానెల్ వైపు చందా సరిగ్గానే తెగింది, స్నాప్‌షాట్‌లో ప్యానెల్ ఒక్కటి కూడా మిగల్లేదు. అయినా నెట్‌వర్క్ ట్యాబ్‌లో వెబ్‌సాకెట్ తెరిచి చూస్తే, ఎవరూ చూడని బండి స్థానాలు క్షణక్షణం వచ్చి పడుతూనే ఉన్నాయి. అంకె మాత్రమే ఇచ్చినప్పుడు షేర్‌రిప్లే చివరి శ్రోత వెళ్లిపోయినా మూలాన్ని వదలదు. రెఫ్‌కౌంట్ నిజమని చెబుతూ సెట్టింగ్ ఇస్తేనే వదులుతుంది. కాంపొనెంట్ చివర కట్టిన తాళం ఎంత గట్టిదైనా సర్వీసు చివర తెరిచి ఉన్న కొళాయిని అది మూయలేదు.

ఇక అబ్జర్వబుల్ (ఆర్ఎక్స్‌జేఎస్ ప్రవాహం) కాని వినికిడులు. విండో మీద పెట్టిన రీసైజ్ లిజనర్, సెట్‌ఇంటర్వల్, రీసైజ్‌అబ్జర్వర్, మ్యాప్ లైబ్రరీలో గుర్తుల మీద పెట్టిన క్లిక్ హ్యాండ్లర్లు, ఇవేవీ పైప్ లోంచి వెళ్లవు కాబట్టి టేక్‌అన్‌టిల్‌డిస్ట్రాయ్డ్‌కు చిక్కవు. టెంప్లేట్‌లో రాసిన క్లిక్ బైండింగ్‌లనూ, హోస్ట్‌లిజనర్ పెట్టినవాటినీ ఫ్రేమ్‌వర్క్ తనే చూసుకుంటుంది. మనం చేత్తో పెట్టినవి మనమే తీయాలి. ఇక్కడ ఆ ఆపరేటర్ కంటే దాని వెనకున్న డిస్ట్రాయ్‌రెఫ్ ఎక్కువ ఉపయోగపడింది. మ్యాప్ సృష్టించిన లైను కిందనే ఆన్‌డిస్ట్రాయ్‌లో మ్యాప్ రిమూవ్ పిలిచే లైను రాస్తాము. మేము వాడే లీఫ్‌లెట్‌లో ఆ రిమూవ్ మ్యాప్‌తో పాటు దానికి సంబంధించిన ఈవెంట్ లిజనర్లన్నిటినీ తీసేస్తుంది. తెరిచిన చోటే మూసే లైను కనబడటం వల్ల కోడ్ చదివేవాడికి ఎంత సుఖమో, రెండు వందల లైన్ల కింద ఎన్‌జీఆన్‌డిస్ట్రాయ్ కోసం వెతికినవాళ్లకు తెలుస్తుంది.

విండో లిజనర్ల విషయంలో ఇంకో పాత పొరపాటు దొరికింది. యాడ్ఈవెంట్‌లిజనర్‌కు ఇచ్చేటప్పుడు హ్యాండ్లర్‌ను బైండ్ చేసి ఇచ్చారు, రిమూవ్‌ఈవెంట్‌లిజనర్‌కు ఇచ్చేటప్పుడు మళ్లీ బైండ్ చేసి ఇచ్చారు. బైండ్ పిలిచిన ప్రతిసారీ కొత్త ఫంక్షన్ పుడుతుంది, కాబట్టి తీయమన్నది పెట్టినదానితో సరిపోలదు, బ్రౌజర్ మాట్లాడకుండా ఊరుకుంటుంది. డెవ్‌టూల్స్ కన్సోల్‌లో గెట్ఈవెంట్‌లిజనర్స్‌కు విండోను ఇచ్చి పిలిస్తే అలా పేరుకుపోయినవి వరసగా కనిపించాయి. 2021లో ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చిన పద్ధతి దీనికి నయం: అబార్ట్‌కంట్రోలర్ సిగ్నల్‌ను లిజనర్ పెట్టేటప్పుడే ఇచ్చి, ఆన్‌డిస్ట్రాయ్‌లో ఒక్కసారి అబార్ట్ అంటే దాని కింద పెట్టినవన్నీ తొలగిపోతాయి. దీనికి యాంగ్యులర్ కూడా అక్కర్లేదు.

విలువ టెంప్లేట్‌లో చూపించడానికే అయితే టేక్‌అన్‌టిల్‌డిస్ట్రాయ్డ్ వైపు వెళ్లకండి. ఎసింక్ పైప్ తనే సబ్‌స్క్రైబ్ చేసి తనే వదిలేస్తుంది. ప్రవాహాన్ని సిగ్నల్‌గా (యాంగ్యులర్ గమనించే విలువగా) మార్చే టుసిగ్నల్ కూడా అంతే, కాకపోతే తొలి విలువ ఇవ్వకపోతే మొదట అన్‌డిఫైన్డ్ వస్తుందని గుర్తుంచుకోవాలి. మా మార్పిడిలో సగానికి పైగా సబ్‌స్క్రైబ్‌లు ఇలా మాయమయ్యాయి. మిగిలినవి గంట కొట్టడం, లాగ్ రాయడం, మ్యాప్‌ను కదపడం లాంటి పనులవి. ఈ ఆపరేటర్ అసలు స్థానం అక్కడే.

పక్క జట్టు రియాక్ట్ అనే మరో వెబ్ లైబ్రరీ వాడుతుంది, కాబట్టి పోలిక తప్పదు. అక్కడ, కాంపొనెంట్ తెర మీదికి వచ్చాక పనులు నడిపే యూజ్ఎఫెక్ట్ నుంచి శుభ్రం చేసే ఫంక్షన్‌ను తిరిగి ఇవ్వాలి. మరిచిపోతే మాకు వచ్చిన తిప్పలే వాళ్లకూ వస్తాయి. కానీ 2022 మార్చిలో వచ్చిన రియాక్ట్ 18 నుంచి స్ట్రిక్ట్ మోడ్ డెవలప్‌మెంట్‌లో ప్రతి కాంపొనెంట్‌నూ ఒకసారి పెట్టి, తీసి, మళ్లీ పెడుతుంది. శుభ్రం చేయడం మరిచిపోయిన కోడ్‌లో అలర్టు మొదటి రోజే రెండుసార్లు మోగుతుంది. పక్క జట్టులోని రాజమండ్రి అమ్మాయి దీన్ని విసుక్కుంటూ ఉంటుంది, నాకు మాత్రం అసూయగా ఉంది. యాంగ్యులర్‌లో అలాంటి తనిఖీ లేదు; అది ఉండి ఉంటే మా గంట హోస్కోటె దాకా వెళ్లేది కాదు.

ఆ లోటును మేము టెస్టుతో పూడ్చుకున్నాము. ప్రతి కాంపొనెంట్‌కూ ఒక చిన్న టెస్టు రాశాము: దొంగ సర్వీసులో ఒక సబ్జెక్ట్ పెట్టి, ఫిక్స్‌చర్ (టెస్టులో కాంపొనెంట్‌ను నడిపే చుట్టు) తయారు చేసి, ఆ సబ్జెక్ట్‌ను ఎవరైనా వింటున్నారా అని అబ్జర్వ్‌డ్ అనే గుణాన్ని అడుగుతాము, అవునని రావాలి. ఫిక్స్‌చర్‌ను డిస్ట్రాయ్ చేసి మళ్లీ అడుగుతాము, కాదని రావాలి. స్విచ్‌మ్యాప్ ఉన్న చోట లోపలి ప్రవాహాన్ని కూడా ఇలాగే అడగాలి, లేకపోతే వరుస తప్పు పట్టుబడదు. రూట్ సర్వీసుల సంగతి ఈ టెస్టుకు అందదు. వాటికి ఇప్పటికీ వారానికోసారి స్నాప్‌షాట్ తీసి చూస్తున్నాము. ఆ పని ఈ మధ్య ప్రొద్దుటూరు అబ్బాయికి అప్పగించాను, అతను పదకొండు బదులు పదమూడుసార్లు తెరిచి మూస్తాడు.

ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒక నక్షత్రం పేరు ఇచ్చే భరోసాకు. అది చేయగలిగినదానికంటే ఆ పేరు కొంచెం ఎక్కువ మాట ఇస్తుంది. మీ ప్రాజెక్టు ఇంకా 15 లేదా అంతకు ముందు వెర్షన్‌లో ఉంటే, దీని ఒక్కదాని కోసం అప్‌గ్రేడ్ చేయవలసిన తొందరేమీ లేదు. మూల క్లాసును తీసేసి, ప్రతి కాంపొనెంట్‌లో సొంత సబ్జెక్ట్‌తో టేక్‌అన్‌టిల్ పెట్టుకున్నా పని జరుగుతుంది, రాసే లైన్లు నాలుగు ఎక్కువవుతాయి. 16 లేదా ఆ తర్వాతి వెర్షన్‌లో ఉన్నవాళ్లు మాత్రం మార్పిడి మొదలుపెట్టే ముందు మెమరీ ట్యాబ్‌లో ఒక స్నాప్‌షాట్ తీసి దాచుకోండి. మేము అది చేయలేదు, అందుకే ఎంత మెమరీ ఆదా అయిందని మేనేజరు అడిగినప్పుడు హోస్కోటె గంటల లెక్క తప్ప మా దగ్గర చూపించడానికి ఇంకేమీ లేకపోయింది.